తుఫాను కబురు ముందే అందించిన కెప్టెన్

డిసెంబరు వచ్చిందంటే మన క్యాంపుల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. సెలవు దొరికినవాళ్లు క్రిస్మస్‌కో సంక్రాంతికో ఇంటికి చేరాలని టికెట్లు తీసుకుంటారు. దొరకనివాళ్లు వాళ్ల చేతికి సామాను కట్టి ఇస్తారు. సరిగ్గా అవే రోజుల్లో టీవీలో అమెరికా, యూరప్ విమానాశ్రయాలు మంచుతో మూతబడి, జనం నేలమీద పడుకుని ఉన్న దృశ్యాలు చూపిస్తుంటారు. మనకిక్కడ గల్ఫ్‌లో అంత మంచు లేకపోయినా పొగమంచు, షమాల్ గాలి, అప్పుడప్పుడు వాన ఉంటాయి. ఏది రాబోతున్నా ముందురోజే ఫోనులోకి కబురు వచ్చేస్తుంది. ఒకసారి చూసి పక్కన పెట్టేస్తాం.

ఇలా ముందుగా చెప్పడం ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అన్నది పెద్ద కథ. సైంటిస్టుల పేర్లు అందులో చాలానే ఉన్నాయి. కానీ ఆ కథ మొదట్లో మనకు కనిపించేది సైంటిస్టులు కాదు. పరాయి దేశంలో కష్టపడి సంపాదించుకుని, ఇంటికి తిరిగి వస్తున్న కూలీలు.

నడుముకు కట్టుకున్న బంగారం

1851లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో బంగారం దొరికింది. ఇంగ్లాండు, వేల్స్, ఐర్లాండు నుంచి వేలమంది బయల్దేరి వెళ్లారు. కొందరు నిజంగానే నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు. అలా సంపాదించుకున్నవాళ్లు చాలామంది 1859 ఆగస్టు 26న మెల్‌బోర్న్ రేవులో 'రాయల్ చార్టర్' అనే ఓడ ఎక్కారు. తెరచాపలతో పాటు ఆవిరి యంత్రం కూడా ఉన్న కొత్తరకం ఓడ అది. అరవై రోజుల లోపే లివర్‌పూల్ చేరుస్తామని కంపెనీ చెప్పుకునేది. అన్నట్టే అక్టోబరు 24 నాటికి ఐర్లాండు దక్షిణ తీరానికి వచ్చేసింది. కొందరు అక్కడే దిగిపోయారు. మిగిలినవాళ్లకు ఇక ఒకటి రెండు రోజుల ప్రయాణమే.

25వ తేదీ రాత్రి వేల్స్ ఉత్తర భాగంలోని ఆంగ్లసీ దీవి పక్కగా వెళుతుండగా ఓడను తుఫాను పట్టుకుంది. లంగర్లు దించారు. అర్ధరాత్రి దాటాక ఒక లంగరు గొలుసు తెగింది. ఇంకో గంటకు రెండోది తెగింది. గాలి పట్టు తగ్గించడానికి ఓడ స్తంభాలు నరికేశారు. అయినా లాభం లేకపోయింది. మోల్‌ఫ్రే అనే పల్లె దగ్గర ఓడ ముందు ఇసుకలో కూరుకుంది. తెల్లవారుతుండగా పోటు నీరు లేపి రాళ్ల మీద వేసి కొట్టింది. ఓడ రెండు ముక్కలైంది. మాల్టా దేశపు కళాసీ ఒకడు నడుముకు తాడు కట్టుకుని ఒడ్డుకు ఈదాడు. ఆ తాడు పట్టుకుని, పల్లెవాళ్ల సాయంతో బయటపడ్డవాళ్లు నలభై మంది దాకా. చనిపోయినవాళ్లు దాదాపు 450 మంది. ఆడవాళ్లలో, పిల్లల్లో ఒక్కరు కూడా బతకలేదు.

ఒడ్డు కొద్ది గజాల దూరంలోనే ఉంది. గనుల నుంచి వస్తున్నవాళ్లు చాలామంది తమ బంగారాన్ని బట్టల్లో కుట్టించుకునో, నడుముకు కట్టుకునో ఉన్నారని, ఆ బరువుకే మునిగిపోయారని అప్పట్లో చెప్పుకున్నారు. ఓడలో కంపెనీ లెక్కలో ఉన్న బంగారమే 3,22,000 పౌన్లు. ఒంటిమీద ఉన్నది ఎంతో ఎవరూ లెక్క కట్టలేరు. ఇది చదివినప్పుడు, చెల్లెలి పెళ్లికని గొలుసు కొని, సెలవుకు వెళ్లే ముందు బనీను లోపల జేబు కుట్టించుకునే మన కుర్రాళ్లే కళ్లముందు మెదిలారు. దాన్ని విప్పి నీళ్లలో పారేయమంటే ఎవడికి చేతులొస్తాయి? ఆరేళ్ల కష్టం అది.

ఆ పల్లె చర్చి పాస్టరు పేరు స్టీఫెన్ రూస్ హ్యూస్. చర్చిలోనే శవాలను వరసగా పెట్టించి, ఒక్కొక్కరి బట్టలు, పచ్చబొట్లు, జేబులో ఉత్తరాలు చూసి ఆనవాలు పట్టి, వాళ్ల ఇళ్లకు వెయ్యికి పైగా ఉత్తరాలు రాశాడు. 1859 డిసెంబరు ఆఖరులో, పండుగ రోజుల్లో, ప్రఖ్యాత రచయిత చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్లి ఇదంతా చూసి రాశాడు. ఆ తర్వాత మూడేళ్లకే, 1862లో, పాస్టరు కూడా పోయాడు. చనిపోయినవాళ్ల ఇంటికి కబురు రాయడం ఎంత బరువైన పనో ఆఫీసులో గుమాస్తాగా నాకు కొంత తెలుసు. వెయ్యి ఉత్తరాలంటే ఆయన చెయ్యి ఎలా ఆడిందో ఊహించలేను.

ఆ ఒక్క తుఫానులో బ్రిటన్ చుట్టూ 133 ఓడలు మునిగాయి. మొత్తం 800 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గాలి కన్నా వేగంగా నడిచేది

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఆ తుఫాను 25వ తేదీ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఇంగ్లాండు దక్షిణాన ఇంగ్లిషు ఛానల్ దగ్గర విరుచుకుపడింది. అక్కడి నుంచి ఉత్తరంగా నడిచి ఆంగ్లసీ దీవికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. లివర్‌పూల్ దగ్గర గాలి తీవ్రత పెరిగేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. అంటే దక్షిణాన ఉన్నవాళ్లకు తుఫాను అప్పటికే కళ్లముందు ఉంది. ఉత్తరాన ఉన్నవాళ్లకు ఇంకా తెలియదు. మధ్యలో అయిదు గంటల వ్యవధి ఉంది. అప్పటికే ఇంగ్లాండు అంతటా టెలిగ్రాఫ్ తీగలు కూడా ఉన్నాయి. మనవాళ్లు తంతి అనేవాళ్లే, అదే. తంతి కబురుకు నిమిషాలు చాలు. తుఫానుకు గంటలు కావాలి. ఆ కబురు పంపాలని మాత్రం ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అది ఎవరి డ్యూటీ కాదు.

ఈ ఆలోచన అంతకు ముందే ఫ్రాన్సులో పుట్టింది. 1854 నవంబరు 14న క్రిమియా యుద్ధంలో ఉన్న బ్రిటన్, ఫ్రాన్సు ఓడలను నల్లసముద్రంలో తుఫాను చితకగొట్టింది. మునిగిన వాటిలో 'ప్రిన్స్' అనే ఓడ ఒకటి. అందులో ఉన్నది చలికాలానికి సైనికులకు పంపిన ఉన్ని కోట్లు, బూట్లు. ఆ ఓడ పోవడంతో ఆ చలికాలమంతా సిపాయిలు చలికి గడ్డకట్టి నానా అవస్థ పడ్డారు. లె వెరియె అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త నవంబరు 12 నుంచి 16 దాకా మీ ఊళ్లో గాలి ఎలా ఉంది అని యూరప్ అంతటికీ ఉత్తరాలు రాసి జవాబులు తెప్పించాడు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తుఫాను ఉన్నట్టుండి పుట్టింది కాదు, యూరప్ మీదుగా నడుచుకుంటూ వెళ్లిందని తేలింది. నడిచేదైతే అది ఏ దారిన పోతోందో చెప్పవచ్చు.

ఇంగ్లాండులో ఈ పని నెత్తిన వేసుకున్నవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. చార్లెస్ డార్విన్ ప్రపంచయాత్ర చేసిన 'బీగిల్' ఓడకు ఆయనే కెప్టెను. తర్వాత 1843 నుంచి 45 దాకా న్యూజిలాండ్‌కు గవర్నరుగా వెళ్లాడు. భూముల తగాదాల్లో అక్కడి మావోరీ జనం మాట కూడా వింటున్నాడని తెల్లవాళ్లకు కోపం వచ్చి వెనక్కి పిలిపించారు. 1854లో లండన్‌లో వాతావరణ లెక్కలు రాసుకునే చిన్న ఆఫీసు ఒకటి పెట్టి ఆయన్ను కూర్చోబెట్టారు. ఆఫీసు అసలు పని ఏమిటంటే ఓడల వాళ్లు ఇచ్చిన గాలి లెక్కలు పట్టికల్లోకి ఎక్కించడం. తుఫాను వస్తుందని చెప్పమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మాత్రం పట్టికల దగ్గర ఆగలేదు. ముందుగా చేపల రేవుల్లో బారోమీటర్లు పెట్టించాడు. గాలికి బరువు ఉంటుందని, ఆ బరువు ఒక్కసారిగా తగ్గితే చుట్టుపక్కల గాలి అటు పరిగెత్తుకొస్తుందని, అదే తుఫానని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. బారోమీటరులో పాదరసం దిగిపోతుంటే వేటకు వెళ్లకూడదు. పెద్దగా చదువు రాని జాలరికి కూడా అర్థమయ్యేలా దాని పక్కనే చిన్న చిన్న మాటల్లో సూచనలు రాయించాడు. కొన్నవాళ్ల కోసం కాదు, కొనలేనివాళ్ల కోసమే ఆ బారోమీటర్లు రేవులో గోడకు బిగించారు.

రాయల్ చార్టర్ మునిగాక ఆయన మాట నెగ్గింది. తీరం పొడుగునా డజనుకు పైగా తంతి ఆఫీసుల నుంచి ప్రతి ఉదయం గాలి, ఎండ, బరువు లెక్కలు లండన్‌కు రావడం మొదలైంది. వాటిని చూసి తుఫాను వచ్చేలా ఉంటే ఆ రేవులకు తిరిగి తంతి కొట్టేవాళ్లు. 1861 ఫిబ్రవరిలో మొదటి హెచ్చరిక వెళ్లింది. అందుకున్న రేవులో పొడవాటి స్తంభం మీదికి గుడ్డ కప్పిన కోను ఒకటి లాగేవాళ్లు. మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, మొన కిందికి ఉంటే దక్షిణపు గాలి. డ్రమ్ము కనిపిస్తే గాలి ఒక వైపు నుంచి కాదు, దిక్కులు మార్చుకుంటూ కొడుతుందని అర్థం. రాత్రిపూట లాంతర్లు. చదవడం రానక్కరలేదు, భాష తెలియనక్కరలేదు. సముద్రంలో మైలు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన సైట్లలో ప్రమాద బోర్డులు ఎన్ని భాషల్లో రాసినా చదవని కూలీ ఒకడు ఉంటాడు. కోను చూస్తే మాత్రం ఎవడికైనా తెలుస్తుంది.

1861 ఆగస్టు 1న లండన్ 'టైమ్స్' పత్రికలో మొట్టమొదటి వాతావరణ సూచన అచ్చయింది. దానికి ఇంగ్లిషులో ఏ పేరు పెట్టాలన్నది కూడా ఆయనే తేల్చాడు. జోస్యం అనలేదు. ఇది జాతకం కాదు, లెక్క చూసి చెప్పే అంచనా అని స్పష్టంగా రాసి 'ఫోర్‌కాస్ట్' అన్నాడు. ఈవేళ ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట ఈ పనికి అంటుకున్నది అప్పుడే.

నవ్వినవాళ్లు, అడిగినవాళ్లు

సూచన నిజమైన రోజు ఎవరూ మెచ్చుకోలేదు. తప్పిన రోజు మాత్రం పత్రికలు ఎగతాళి చేశాయి. అచ్చు వేసిన 'టైమ్స్' పత్రికే వెక్కిరించింది. పార్లమెంటులో నవ్వుకున్నారు. శాస్త్రవేత్తలకేమో ఇది అసలు శాస్త్రమే కాదు, సిద్ధాంతం లేకుండా చెప్పే గాలి మాటలు. ఇక కోను ఎగరేసిన రోజున పడవలు రేవులోనే ఆగిపోతున్నాయని పడవల యజమానులు గోల పెట్టారని చరిత్రకారులు రాస్తారు. పడవ ఆగితే యజమానికి ఆరోజు రాబడి లేదు. పడవ మునిగితే పోయేది ఎవరి ప్రాణమో చెప్పక్కరలేదు. ఇంకో పక్క విక్టోరియా రాణి సముద్రం దాటాల్సి వస్తే, రేపు గాలి ఎలా ఉంటుందో కనుక్కు రమ్మని ఫిట్జ్‌రాయ్ ఇంటికే మనిషిని పంపేదట. రాణికి పనికొచ్చిన మాట జాలరికి పనికిరాదా?

ఆయన ఆరోగ్యం దెబ్బతింది. సొంత ఆస్తి అంతా ప్రజల పనులకే ఖర్చయిపోయింది. చెవులు సరిగా వినిపించేవి కావు. దిగులు పట్టుకుంది. 1865 ఏప్రిల్ 30, ఆదివారం ఉదయం, ఆయన తన చేతులతోనే ప్రాణం తీసుకున్నాడు. చనిపోయాక కుటుంబానికి అప్పులే మిగిలాయి. స్నేహితులు చందాలు వేసుకుని ఆదుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఏడాది ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఉన్న కమిటీ ఆ ఆఫీసు పనిని పరిశీలించింది. రోజువారీ సూచనలకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చింది. 1866 మే నెలలో పత్రికల్లో సూచనలు ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 7న తుఫాను హెచ్చరికలు కూడా ఆపేశారు. ఏ నెలలో ఆపారో గమనించండి. అట్లాంటిక్ సముద్రం ఏడాదిలో అన్నిటికన్నా భయంకరంగా ఉండే చలికాలం మొదట్లో!

అప్పుడు ఎవరు ఊరుకోలేదంటే రేవుల్లో ఉండే జనం. నావికులు, వేటకు వెళ్లేవాళ్లు, రేవు అధికారులు మా కోను మాకు కావాలని అర్జీలు పెట్టుకున్నారు. సిద్ధాంతం ఉందా లేదా అన్నది వాళ్లకు పట్టలేదు. కోను ఎగిరిన రోజు ఇంట్లో ఉన్నవాడు బతికాడు. నాలుగుసార్లలో ఒకసారి తప్పితే ఒక రోజు కూలి పోతుంది. ఆ లెక్క వాళ్లకు గాల్టన్ గారికన్నా బాగా తెలుసు. చివరికి ప్రభుత్వం దిగొచ్చింది. 1867లో తుఫాను హెచ్చరికలు మళ్లీ మొదలయ్యాయి. పత్రికల్లో రోజువారీ సూచనలు తిరిగి రావడానికి మాత్రం 1879 దాకా పట్టింది. ఫిట్జ్‌రాయ్ పెట్టిన ఆ చిన్న గదే నేటి బ్రిటిష్ మెట్ ఆఫీసు. 2002లో వాళ్లు రేడియోలో చదివే సముద్ర ప్రాంతాల జాబితాలో ఒకదానికి ఆయన పేరు పెట్టారు.

మన రేవుల్లో నంబర్లు

ఈ కోను కథ మనకు పరాయిదేం కాదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద విరుచుకుపడ్డ తుఫానులో సముద్రం పదమూడు అడుగుల ఎత్తున ఊరి మీదికి వచ్చింది. దాదాపు 30 వేల మంది కొట్టుకుపోయారు. అంతకు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తా తుఫానులో అంతకన్నా ఎక్కువమంది చనిపోయారు. అప్పటికి ఇంగ్లాండు రేవుల్లో కోన్లు ఎగరడం మొదలై మూడేళ్లు దాటింది. బందరులో అలాంటిదేదీ లేదు. ఏలుబడి ఒక్కటే అయినా రేవు రేవుకూ తేడా ఉంది.

ఆ రెండు తుఫానుల తర్వాతే దొరలు కదిలారు. 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికల ఏర్పాటు చేశారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. 1886 నాటికి మిగతా రేవులకూ హెచ్చరికలు వెళ్లసాగాయి. 1898 నుంచి అన్ని రేవులకూ ఒకే రకం గుర్తులు వచ్చాయి. పగలు కోన్లు, డ్రమ్ముల్లాంటి గుండ్రటి గుర్తులు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. చిన్నప్పుడు రేడియోలో విన్నదే: కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. నంబరును ఎగరేయడం ఏమిటని అప్పట్లో అనుకునేవాణ్ణి. స్తంభం మీదికి లాగేది నంబరును కాదు, కోనునే.

ఆ నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక కబురు రాదు, మీకు మీరే చూసుకోండి అని దాని అర్థం. పది కన్నా పైన దాన్ని పెట్టారంటే, గాలి కన్నా కబురు రాకపోవడమే ఎక్కువ ప్రమాదమని ఆ పట్టిక తయారుచేసినవాళ్లకు తెలుసన్నమాట.

అరవై నాలుగు వేల మంది గుమాస్తాలు

తంతి మీద నడిచిన హెచ్చరికలో ఒక లోపం ఉంది. ఎక్కడో ఒకచోట తుఫాను ముందు కొట్టాలి, అప్పుడే మిగతావాళ్లకు కబురు. పుట్టకముందే చెప్పాలంటే లెక్క కట్టాలి. ఆ లెక్క మొదట చేసి చూసినవాడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన తుపాకి పట్టనని చెప్పి, ఫ్రాన్సులో అంబులెన్సు డ్రైవరుగా చేరాడు. గాయపడ్డవాళ్లను మోసే పని మధ్యలో దొరికిన తీరికలో, 1910 మే 20వ తేదీన ఆరు గంటల్లో గాలి బరువు ఎంత మారి ఉండాలో కాగితాల మీద కట్టాడు. వారాలు పట్టింది. జవాబు పూర్తిగా తప్పు. ఆ రోజు గాలి బరువు దాదాపు మారనే లేదు, ఈయన లెక్కలో మాత్రం లోకం తలకిందులయ్యేంత వచ్చింది. పైగా ఆ కాగితాల కట్ట యుద్ధంలో పోయి, నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. తప్పు లెక్కను దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చు వేశాడు.

ఆ పుస్తకంలో ఆయన ఒక ఊహ రాశాడు. పెద్ద గుండ్రటి హాలు, అందులో 64 వేల మంది గుమాస్తాలు, ఒక్కొక్కరికి భూమి మీద ఒక్కో ముక్క. అందరూ ఒకేసారి లెక్క కడుతూ ఉంటే వాతావరణం కన్నా ముందుండవచ్చు. కంప్యూటర్ అనే మాటకు అప్పట్లో అర్థం లెక్కలు కట్టే మనిషి అనే. నాలాంటివాడికి ఆ హాలులో ఒక కుర్చీ దొరికేదేమో. నిజంగా జరిగింది వేరు. 1950లో అమెరికాలో 'ఎనియాక్' అనే యంత్రం మీద ఆ పద్ధతిని సరిచేసి నడిపారు. ఒక రోజు ముందు సూచన కట్టడానికి దాదాపు ఒక రోజు పట్టింది. రేపు ఎలా ఉంటుందో రేపే తెలిసిందన్నమాట! అయినా దారి సరైనదని తేలింది.

అంతకు మూడేళ్ల ముందు న్యూయార్కులో జరిగింది చూస్తే ఆ లెక్కల అవసరం ఎంతో తెలుస్తుంది. 1947 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు. పెద్ద మంచు పడుతుందని ఎవరూ హెచ్చరించలేదు. జనం మామూలుగా పనులకు వెళ్లారు. ఆ ఒక్కరోజులో సెంట్రల్ పార్కులో 26 అంగుళాల మంచు పేరుకుంది. కార్లు రోడ్ల మీదే పూడుకుపోయాయి. ఆ ప్రాంతంలో డెబ్బైకి పైగా మంది చనిపోయారు. తుఫాను సముద్రం వైపు బలపడింది. అక్కడ చూసి చెప్పడానికి తంతి ఆఫీసు లేదు. పైనుంచి చూసే మొదటి వాతావరణ ఉపగ్రహం 1960 ఏప్రిల్ 1న గానీ ఎగరలేదు. ఆ తర్వాత ఉపగ్రహాలు, కంప్యూటర్లు కలిసి పని మారిపోయింది. 1993 మార్చిలో అమెరికా తూర్పు తీరాన్ని కప్పేసిన మంచు తుఫాను గురించి అయిదు రోజుల ముందే చెప్పగలిగారు.

ముందే తెలిసిన తుఫాను

మరి కబురు ముందే అందితే చాలా? 2022 క్రిస్మస్‌కు బఫెలోలో ఏం జరిగిందో చూద్దాం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం కొసన, ఈరీ అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉంది బఫెలో నగరం. చలికాలం మొదట్లో సరస్సు నీళ్లు ఇంకా గడ్డకట్టవు. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ ఆవిరిని తాగి, ఊరి మీదికి రాగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఆ ఊరి జనానికి ఇది అలవాటే.

ఈసారి అలవాటైన మంచు కాదని వాతావరణ కార్యాలయం రోజుల ముందే చెప్పింది. ఒక తరానికి ఒకసారి వచ్చేలాంటిదని హెచ్చరించింది. డిసెంబరు 23, శుక్రవారం ఉదయం గాలి మారుతుందని, చలి గంటల్లోనే పడిపోతుందని చెప్పింది. చెప్పింది చెప్పినట్టే జరిగింది. గంటకు 110 కిలోమీటర్లకు పైగా గాలి. ముందున్న చెయ్యి కనిపించని స్థితి 37 గంటలు ఆగకుండా సాగింది. విమానాశ్రయం దగ్గర 51.9 అంగుళాల మంచు పడింది. ఫిట్జ్‌రాయ్ బతికి ఉంటే కన్నీళ్లు పెట్టుకునేంత కచ్చితమైన సూచన.

అయినా ఆ ఊళ్లో, చుట్టుపక్కల నలభై మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలోనే, కొందరు రోడ్ల మీద, కొందరు కరెంటు లేని ఇళ్లలో. అంబులెన్సులు, చివరికి మంటలార్పే బండ్లు కూడా మంచులో ఇరుక్కుపోయాయి.

ఎందుకిలా జరిగింది? వాహనాలు తిరగరాదని అధికారులు ఆజ్ఞ వేసింది శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు. అప్పటికే చాలామంది పొద్దున షిఫ్టుకు వెళ్లిపోయారు. పండుగ ముందు రోజుల్లో షాపులు, ఆసుపత్రులు, హోటళ్లు అన్నిచోట్లా పని ఎక్కువే. తుఫాను వస్తుందని వాళ్లూ టీవీలో చూశారు. కానీ డ్యూటీ రద్దని ఎవరూ చెప్పలేదు. గంట కూలి మీద బతికేవాడు తనంతట తాను మానేస్తే ఆరోజు జీతం పోతుంది, ఒక్కోసారి ఉద్యోగమూ పోతుంది. అందుకని వెళ్లారు. తిరిగి వచ్చే దారిలో చిక్కుకున్నారు.

ఎండ విషయంలో మనకిది కొత్త కాదు. జూలైలో మధ్యాహ్నం ఎండ చంపేస్తుందని గల్ఫ్‌లో తెలియనిదెవరికి? తెలిసినంత మాత్రాన పని ఆగలేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించరాదని ఎమిరేట్స్‌లో రూలు వచ్చాకే ఆగింది. బఫెలో కూలీకి డిసెంబరు 22 రాత్రి కావలసింది అలాంటి రూలే.

తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు జరిగినదంతా పరిశీలించి 2023లో నివేదిక ఇచ్చారు. వాహనాల నిషేధం ఆలస్యమైందని, ముందురోజు రాత్రే చెప్పి ఉంటే పనివాళ్లు, యజమానులు ముందే సర్దుకునేవాళ్లని అందులో ఉంది. 2024 జనవరిలో మళ్లీ పెద్ద మంచు తుఫాను వస్తోందని సూచన వచ్చింది. ఈసారి 13వ తేదీ శనివారం రాత్రి తొమ్మిది గంటలకే ఆ కౌంటీ అంతటా వాహనాలు ఆపేశారు. ఆదివారం జరగాల్సిన పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌ను, వేలాది టికెట్లు అమ్ముడైపోయి ఉన్నా, సోమవారానికి మార్చారు.